కుక్కకి కిడ్నీ జబ్బు: ఏ సప్లిమెంట్ ఎందుకు, ఏది అసలు వద్దు? తరచుగా అడిగే ప్రశ్నలు

కిడ్నీ జబ్బు అని తేలిన కుక్కని మా ఆసుపత్రికి తీసుకొచ్చేవాళ్ల చేతిలో గొలుసుతో పాటు ఒక సంచీ కూడా ఉంటుంది. బల్ల మీద బోర్లిస్తే ఆరేడు సీసాలు దొర్లుతాయి. లివర్ టానిక్కు, కాల్షియం సిరప్పు, జుట్టు ఊడకుండా అని కొన్న చేప నూనె, ఎవరో చెప్పిన ఆయుర్వేద చుక్కలు, ఇంట్లో పెద్దాయన వాడగా మిగిలిన కీటో మాత్రలు. నేను ఒక్కోటి ఎత్తి చూపించి ఒకటే అడుగుతాను: "ఇది రిపోర్టులో ఏ అంకె కోసం ఇస్తున్నారు?" జవాబు లేని సీసా మళ్లీ సంచీలోకే పోతుంది. చివరికి బల్ల మీద రెండో మూడో మిగులుతాయి. కింద రాసినవన్నీ ఆ బల్ల దగ్గర నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు.

మా లాబ్రడార్‌కి పదకొండేళ్లు. క్రియాటినిన్ 3.2 వచ్చింది. ఏ టానిక్ వాడితే తగ్గుతుంది?

ఏ టానిక్‌తోనూ తగ్గదు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు మూత్రంలోకి వదలాల్సిన వ్యర్థం. అది రక్తంలో పెరిగి కనిపించేసరికే కిడ్నీల పనితనంలో దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది. మచ్చకట్టిన భాగం మళ్లీ మొలవదు. రెండ్రోజులు సెలైన్ పెట్టాక 3.2 కాస్తా 2.6కి దిగిందనుకోండి, అది ఒంట్లోకి నీరు చేరినందువల్ల. కానీ అదే వారం మొదలెట్టిన సిరప్పుకి ఆ పేరు దక్కుతుంది. వీధిలో ఇంకో నలుగురు అదే సిరప్పు కొంటారు.

సప్లిమెంట్లు చేయగలిగింది వేరే. మిగిలిన పావు వంతు మీద పడే బరువు తగ్గించడం, మూత్రంతో పాటు కొట్టుకుపోతున్న వాటిని తిరిగి ఇవ్వడం, కుక్క నాలుగు ముద్దలు హాయిగా తినేలా చూడటం. ఇది చిన్న పనేం కాదు. సరిగ్గా చూసుకుంటే రెండో దశలో ఉన్న కుక్కలు ఏళ్ల తరబడి మామూలుగా తిరుగుతాయి.

రిపోర్టులో ఏ అంకెలు చూడాలి?

క్రియాటినిన్ ఒక్కటే చూసి సీసాలు కొనకండి. ప్రపంచమంతటా పశువైద్యులు వాడే ఐరిస్ లెక్క ప్రకారం కుక్కల్లో క్రియాటినిన్ డెసిలీటరుకి 1.4 మి.గ్రా. లోపుంటే మొదటి దశ, 1.4 నుంచి 2.8 దాకా రెండు, 2.9 నుంచి 5 దాకా మూడు, 5 దాటితే నాలుగు. కుక్క నిలకడగా ఉండి, ఒంట్లో నీరు తగ్గకుండా ఉన్నప్పుడు తీసిన రక్తానికే ఈ లెక్క. వాంతులతో వాడిపోయి వచ్చిన రోజు అంకెని పట్టుకుని దశ తేల్చకూడదు. కండ కరిగిపోయిన ముసలి కుక్కలో క్రియాటినిన్ తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఎస్‌డీఎంఏ అనే ఇంకో పరీక్ష ఉంది, అది సగటున 40 శాతం పనితనం పోయేసరికే పెరుగుతుంది.

దశ తెలిశాక సప్లిమెంట్ల సంగతి తేల్చేవి వేరే నాలుగు: ఫాస్ఫరస్, పొటాషియం, కాల్షియం, మూత్రంలో ప్రొటీన్‌కీ క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి. దీన్నే యూపీసీ అంటాం. అది 0.5 దాటితే కిడ్నీ వడపోత ప్రొటీన్‌ని వదిలేస్తోందని అర్థం. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఈ వడపోతని దెబ్బతీయగలదు, అది మన దగ్గర ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష ఎగ్గొట్టొద్దు. బీపీ కూడా చూపించండి. పైఅంకె 160 దాటితే దానికి మాత్రే కావాలి, ఏ సప్లిమెంటూ ఆ పని చేయదు.

రీనల్ ఫుడ్డా, సప్లిమెంట్లా? రెండూ కొనడం కష్టం.

ఒకటే కొనగలిగితే ఫుడ్డే, అంటే కిడ్నీ జబ్బు కోసమే తయారు చేసిన తిండే కొనండి. ఇందులో నాకు అనుమానం లేదు. 2002లో అమెరికాలో కిడ్నీ జబ్బున్న 38 కుక్కల్ని రెండు గుంపులు చేసి రెండేళ్లు చూశారు. ఒక గుంపుకి రీనల్ డైట్, ఇంకోదానికి మామూలు ఫుడ్. రీనల్ డైట్ తిన్నవి యూరియా విషం ఎక్కి పడిపోవడం బాగా తగ్గింది, అవి ఎక్కువ కాలం బతికాయి కూడా. ఏ సీసాకీ ఇంత గట్టి సాక్ష్యం లేదు.

ఇంకో మాట. కుక్కల వైద్యపు ఫుడ్ అనే ఆలోచనే కిడ్నీ జబ్బుతో మొదలైంది. మార్క్ మోరిస్ అనే అమెరికన్ పశువైద్యుడు, అంధుడైన మోరిస్ ఫ్రాంక్‌కి దారి చూపే బడ్డీ అనే కుక్క కోసం తయారు చేసిన తిండే 1948లో హిల్స్ కె/డి పేరుతో డబ్బాల్లోకి ఎక్కింది. ఇప్పుడు మన దగ్గర రాయల్ కానిన్, ఫార్మినా లాంటి కంపెనీల రీనల్ ఫుడ్ కూడా దొరుకుతోంది. వీటన్నిట్లో ఫాస్ఫరస్, ఉప్పు తక్కువ, ప్రొటీన్ మితంగా ఉంటుంది, చేప నూనె ముందే కలిపి ఉంటుంది.

ఆ ఫుడ్ మూతి కూడా పెట్టడం లేదు. ఇంట్లో వండి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ పెరుగన్నం పెడితే కిడ్నీకి చలువ అనే లెక్కతో కాదు. మనింటి వంటలో ఫాస్ఫరస్ ఎక్కడ దాక్కుంటుందో తెలియాలి. కోడిగుడ్డే తీసుకోండి. ఒక పచ్చసొనలో 65 మి.గ్రా. దాకా ఫాస్ఫరస్ ఉంటే తెల్లసొనలో 5 మి.గ్రా. మాత్రమే. అంటే పచ్చసొన తీసేసి ఉడికించిన తెల్లసొనని తెల్లన్నంలో కలిపితే మంచి ప్రొటీన్, తక్కువ ఫాస్ఫరస్. కోడి కార్జం, ఎముకల సూప్, ఎండుచేపలు ఆపేయండి. బలానికని కాచే ఎముకల సూప్ ఈ జబ్బులో అన్నిటికన్నా చెరుపు. పెరుగు రుచికి చెంచాడు చాలు, గిన్నెడు వద్దు.

తెల్లసొన అన్నం ఒక్కటే నెలల తరబడి పెడితే ఇంకోటి తగ్గుతుంది. కాల్షియం, జింకు, కొవ్వు ఆమ్లాలు, విటమిన్లు లెక్కకట్టి కలపాల్సిందే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో మన పప్పులు, బియ్యం, చేపల అంకెలన్నీ ఉన్నాయి. వాటితో మీ డాక్టర్ మీ కుక్క బరువుకి లెక్క కట్టగలరు.

రీనల్ ఫుడ్ తినడం లేదంటే ఎప్పుడు మొదలెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. వాంతులతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెట్టిన తిండిని కుక్క ఆ వికారంతో ముడిపెట్టుకుని జన్మలో ముట్టదు. ముందు వాంతులు తగ్గాలి. తర్వాత పాత తిండిలో పావు వంతు కొత్తది కలుపుతూ మూడు నాలుగు వారాల్లో మార్చండి. కాస్త గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, ఆ వాసనకే సగం కుక్కలు గిన్నె దగ్గరికి వస్తాయి.

ఫాస్ఫేట్ బైండర్ అంటే ఏంటి? ఎప్పుడు మొదలెట్టాలి?

సప్లిమెంట్ల వరసలో నేను మొదట నిలబెట్టేది దీన్నే. కిడ్నీ బయటికి పంపలేని ఫాస్ఫరస్ రక్తంలో పేరుకుంటే పారాథైరాయిడ్ గ్రంథి రెచ్చిపోతుంది. ఎముక కరుగుతుంది, మిగిలిన కిడ్నీలో సున్నం పేరుకుంటుంది. బైండర్ పేగులో కూర్చుని తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది.

రెండో దశలో రక్తంలో ఫాస్ఫరస్ డెసిలీటరుకి 4.6 మి.గ్రా. లోపు, మూడులో 5 లోపు, నాలుగులో 6 లోపు ఉండాలి. రీనల్ డైట్ మొదలెట్టి నాలుగు నుంచి ఆరు వారాలయ్యాక పరగడుపున రక్తం తీసి చూడాలి. అప్పటికీ గీత పైనే ఉంటే బైండర్.

అల్యూమినియం హైడ్రాక్సైడ్ చవక, బాగా పని చేస్తుంది. రోజుకి కిలో బరువుకి 30 నుంచి 60 మి.గ్రా. చొప్పున పూటలకి పంచి మొదలెడతాం. ఇక్కడో పొరపాటు తరచూ జరుగుతుంది. కడుపుమంటకి మనం తాగే గులాబీ రంగు జెల్‌లో కూడా అల్యూమినియం ఉందని అదే పోసేస్తారు. వాటిలో చాలావాటికి మెగ్నీషియం కూడా కలిపి ఉంటుంది, చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. కాల్షియం కార్బొనేట్, కాల్షియం ఎసిటేట్ కూడా పట్టుకుంటాయి, కానీ రక్తంలో కాల్షియం చూసుకుంటూ వాడాలి. సెవెలమర్, లాంథనమ్‌లో అల్యూమినియమూ ఉండదు, కాల్షియమూ ఉండదు. రేటే కాస్త కొరుకుతుంది.

ఏది వాడినా తిండితోనే. ఒకాయన రోజూ ఉదయం ఆరింటికి తేనెలో రంగరించి నాకించేవారు, కుక్క తినేది తొమ్మిదింటికి. నెల దాటినా ఫాస్ఫరస్ కదల్లేదు. డోసు పెంచుదామని వచ్చారు. డోసు ముట్టుకోలేదు, వేళ ఒక్కటే మార్చాం. మాత్ర మెత్తగా నూరి, అన్నంలో తెల్లటి మరక కనిపించనంతగా వేళ్లతో పిసికి పెట్టమన్నాను. తర్వాతి రిపోర్టులో ఫాస్ఫరస్ దిగింది. టిక్ ఫీవర్‌కి డాక్సీసైక్లిన్ నడుస్తుంటే బైండర్‌కీ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, లేకపోతే బైండర్ ఆ మందుని కూడా పట్టుకుపోతుంది.

చిన్నప్పటి నుంచి ఇస్తున్న కాల్షియం సిరప్ కొనసాగించొచ్చా?

ఆపండి. సీసా తిప్పి వెనక చదవండి. చాలా సిరప్పుల్లో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్, విటమిన్ డి3 కలిపి ఉంటాయి. ఒక చేత్తో బైండర్ పెట్టి ఇంకో చేత్తో ఫాస్ఫరస్ పోసినట్టవుతుంది.

గుడ్డు పెంకుల పొడి?

ఎముకల పొడితో పోలిస్తే నయం. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, ఫాస్ఫరస్ దాదాపు ఉండదు. ఎముకల పొడిలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది. ఇంటి వంట తినే కుక్కకి పెంకుల పొడి లెక్క ప్రకారం పనికొస్తుంది. గ్రాము పొడిలో 380 మి.గ్రా. దాకా కాల్షియం ఉంటుంది కాబట్టి ఇష్టమొచ్చినట్టు చల్లేది కాదు.

మాకు డాక్టర్ ఇచ్చిన విటమిన్ డి ప్యాకెట్ మిగిలింది. ఎముకలు గుల్లబారకుండా వారానికొకటి ఇవ్వొచ్చా?

వద్దు, వద్దు. అది 60,000 యూనిట్ల ప్యాకెట్, అంటే 1.5 మి.గ్రా. విటమిన్ డి3. కుక్కల్లో కిలోకి 0.1 మి.గ్రా. నుంచే విషలక్షణాలు మొదలవుతాయి. పది కిలోల కుక్కకి ఒక్క ప్యాకెట్‌తోనే ఆ గీత దాటేస్తుంది. కాల్షియం ఎగబాకి, ఉన్న కిడ్నీ కాస్తా పోతుంది. పొరపాటున నాకేస్తే రేపు చూద్దాం అనుకోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కిడ్నీ జబ్బులో మేం ఒక్కోసారి రాసే కాల్సిట్రయోల్ కూడా విటమిన్ డి రూపమే కానీ అది వేరు, దాని మోతాదు నానోగ్రాముల్లో ఉంటుంది. అది కూడా ఫాస్ఫరస్ అదుపులోకి వచ్చాకే, కాల్షియం మళ్లీ మళ్లీ చూస్తూ.

చేప నూనె నిజంగా పని చేస్తుందా?

బైండర్ తర్వాత నేను డబ్బు పెట్టమనేది దీనికే. 1998లో జార్జియా విశ్వవిద్యాలయంలో స్కాట్ బ్రౌన్ బృందం కిడ్నీ పనితనం తగ్గించిన కుక్కలకి మూడు రకాల కొవ్వులు పెట్టి చూసింది. చేప నూనె తిన్న కుక్కల్లో వడపోత నిలబడింది, కుసుమ నూనె తిన్నవాటిలో త్వరగా పడిపోయింది. మూత్రంలో ప్రొటీన్ పోతున్న కుక్కకి దీనివల్ల మేలు ఎక్కువ.

మోతాదు చూసేటప్పుడు డబ్బా ముందు రాసిన 1000 మి.గ్రా. మొత్తం నూనె బరువని గుర్తుంచుకోండి. మనకి కావాల్సింది అందులోని ఒమేగా-3 కొవ్వులు, ఈపీఏ, డీహెచ్ఏ. మామూలు క్యాప్సూల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120, కలిపి 300 మి.గ్రా. ఉంటాయి. కిడ్నీ జబ్బుకి చెప్పే మోతాదు ప్రకారం పది కిలోల కుక్కకి రోజుకి సుమారు 790, ముప్పై కిలోల కుక్కకి 1800 దాకా. అంటే చిన్న కుక్కకి రెండున్నర క్యాప్సూళ్లు, లాబ్‌కి ఆరు. బరువు మూడింతలైతే మోతాదు మూడింతలు కాదు, గమనించండి. రీనల్ ఫుడ్ తింటుంటే అందులో ఉన్నది ఇందులోంచి తీసేయాలి.

ఒకటితో మొదలెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి. క్యాప్సూల్ మింగించక్కర్లేదు. గుండుసూదితో పొడిచి అన్నం మీద పిండేస్తే చాలు. విరేచనాలైతే తగ్గించండి, గతంలో పాంక్రియాస్ వాపు వచ్చిన కుక్కైతే ముందే చెప్పండి. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం వద్దు. అది చేప కాలేయం నూనె, విటమిన్ ఎ, డి రెండూ అందులో ఉంటాయి.

మేం మాంసాహారం ముట్టం. అవిసె గింజలు?

కుక్క ఒంట్లో అవిసెలోని ఒమేగా-3 ఈపీఏగా మారేది బహు తక్కువ. నాచు నుంచి తీసిన డీహెచ్ఏ నూనె దొరుకుతుంది, అది అడగండి.

బి-కాంప్లెక్స్, ఐరన్?

బి విటమిన్లు నీళ్లలో కరిగేవి. గంటకోసారి మూత్రం పోసే కుక్క వాటిని కూడా పోగొట్టుకుంటుంది. ఇవ్వండి, నష్టం లేదు, కొన్ని కుక్కలకి ఆకలి కాస్త తేరుకుంటుంది. మూత్రం పచ్చగా వస్తే కంగారు పడకండి. ఐరన్ సంగతి వేరు. కిడ్నీ జబ్బులో రక్తహీనతకి అసలు కారణం రక్తం పుట్టించమని చెప్పే, కిడ్నీ తయారు చేసే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ తగ్గడం. ఆ ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు ఐరన్ తోడు కావాలి. ఊరికే ఐరన్ సిరప్ పోస్తే కడుపు చెడుతుంది.

కొబ్బరి నీళ్లు తాగిస్తున్నాం. మంచిదే కదా?

మనుషుల ఎండదెబ్బకి మంచిదే. కొబ్బరి నీళ్లలో 100 మి.లీ.కి 250 మి.గ్రా. దాకా పొటాషియం ఉంటుంది. మూత్రంలో ప్రొటీన్ ఆపడానికి బెనజెప్రిల్, ఎనాలప్రిల్, టెల్మిసార్టన్ వాడే కుక్కల్లో పొటాషియం అసలే పైకి పాకుతుంది, మితిమీరితే గుండె లయ తప్పుతుంది. రిపోర్టులో పొటాషియం తక్కువుందని డాక్టర్ చెబితే తప్ప మంచినీళ్లే పెట్టండి. ఇంట్లో మూడు చోట్ల మూడు గిన్నెలు. రాత్రి కూడా గిన్నె ఖాళీ కాకూడదు. మూత్రం ఎక్కువ పోస్తోందని నీళ్లు తగ్గించేవాళ్లున్నారు, అది చేయకండి.

మా నానమ్మ కొండపిండి ఆకు కషాయం అంటోంది. పునర్నవ కూడా రాశారు.

కొండపిండిని మన పల్లెల్లో మూత్రంలో రాళ్లకి వాడతారు. మీ కుక్కకి ఉన్నది రాయి కాదు. పైగా అది మూత్రం జారీ చేసే ఆకు. ఈ కుక్క ఇప్పటికే నీళ్లలాంటి మూత్రం పోస్తూ ఒళ్లు ఆరిపోతోంది, ఇంకా జారీ చేస్తే ఏమవుతుంది? పల్లేరుకాయల కషాయానికీ ఇదే మాట.

అటికమామిడి, అంటే పునర్నవ సంగతి కొంచెం వేరు. కిడ్నీ జబ్బున్న కుక్కల్లో దాని వేరు సారాన్ని ఎనాలప్రిల్‌తో పోల్చి చూసిన చిన్న అధ్యయనం 2015లో మన దేశంలోనే అచ్చయింది, ఫలితాలు ఆశ పుట్టించాయి. అలాంటివి ఇంకా పెద్దవి రావాలి. కొలిచిన సారం వేరు, పెరట్లో పీకి కాచింది వేరు. బీపీ మాత్ర ఆపి దీని మీద ఆధారపడొద్దు. నానమ్మగారితో మాత్రం గొడవ పడకండి, నీళ్ల గిన్నెల కాపలా ఆవిడకి అప్పగించండి.

మనుషులకిచ్చే కీటో ఎనలాగ్ మాత్రలు?

ఇవి ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలకి బదులుగా ఇచ్చే మాత్రలు. మనుషుల్లో బాగా తక్కువ ప్రొటీన్ తిండితో కలిపి వాడతారు. కుక్కల్లో సాక్ష్యం పల్చన. ఒక్కో మాత్రలో 50 మి.గ్రా. దాకా కాల్షియం ఉంటుంది, కాల్షియం బైండర్ కూడా నడుస్తుంటే రెండూ కలిసి ఎక్కువవుతాయి. ఖరీదు కూడా తక్కువేం కాదు. ఆ డబ్బు ఫుడ్ మీద పెట్టమంటాను.

ప్రొబయోటిక్ పొడి?

పేగులోని బాక్టీరియా యూరియాని తినేస్తుందన్నది ఆలోచన. పిల్లుల మీద చేసిన ఒక పరీక్షలో తిండి మీద చల్లి పెడితే యూరియా, క్రియాటినిన్ తగ్గలేదు. విరేచనాలుంటే వాడండి, కిడ్నీ కోసమని వద్దు.

చిక్కిపోతోంది, ప్రొటీన్ పౌడర్ కలపమంటారా?

వద్దు. షుగర్ ఫ్రీ అని రాసి ఉంటే ఇంట్లో అందే చోట కూడా ఉంచకండి. జైలిటాల్ అనే తీపి కొన్నిట్లో ఉంటుంది, కుక్కకి అది విషం. చిక్కడానికి కారణం తినకపోవడమైతే వికారం తగ్గించే మందు అడగండి.

కిడ్నీ జబ్బున్న కుక్కకి పొరపాటున కూడా పెట్టకూడనివి?

ద్రాక్ష, కిస్‌మిస్. వీటిలో టార్టారిక్ ఆమ్లమే కిడ్నీని కొడుతుందని ఇప్పటి అంచనా. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. చింతపండు తిన్న కుక్కల్లో కిడ్నీ దెబ్బతిన్న కేసులు 2022లో అచ్చయ్యాయి. కాబట్టి మిగిలిన పులిహోర, చేపల పులుసు కలిపిన అన్నం కుక్క గిన్నెలోకి వద్దు, ఆరోగ్యంగా ఉన్న కుక్కకి కూడా. కాళ్లనొప్పులకని ఇంట్లో ఉన్న ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముక్క చేసి ఇవ్వడం ఇంకా ఘోరం.

అన్నీ ఒకేసారి మొదలెట్టొచ్చా?

మొదలెడితే ఎల్లుండి వాంతయినప్పుడు తప్పెవరిదో తెలీదు. ముందు తిండి. అది కుదురుకున్నాక బైండర్ అవసరమైతే బైండర్, తర్వాత చేప నూనె. మధ్యలో పది పదిహేను రోజుల ఎడం. క్యాలెండర్ మీద తేదీ పక్కన రాసుకోండి: ఏం మొదలెట్టాం, ఎంత తింది, బరువెంత. ఆ కాగితం నాకు సీసాల సంచీ కన్నా ఎక్కువ చెబుతుంది.

నాలుగో దశ అన్నారు. ఇప్పుడు ఇవన్నీ ఎలా మింగించాలి?

మింగించకండి. నోరు పుండై, వికారంతో ఉన్న కుక్కకి రోజుకి ఐదుసార్లు దవడ తెరిచి మందు కుక్కితే, మిమ్మల్ని చూసి మంచం కిందికి దూరడం మొదలెడుతుంది. ఈ దశలో నేను వాంతుల మందు, నోటిపుండు మందు, చర్మం కింద సెలైన్ ఉంచి మిగతావి ఒక్కోటి తీసేస్తాను. బైండర్ కూడా, తిండే తిననప్పుడు దానికి పట్టుకోవడానికేం ఉంటుంది? రీనల్ ఫుడ్ తినకపోతే తినేదే పెట్టండి. పద్నాలుగేళ్ల పామెరేనియన్ ఒకటి చివరి మూడు వారాలు వేడి ఇడ్లీ ముక్క తప్ప ఏదీ ముట్టలేదు, అదీ ఆ ఇంటి తాతగారి చేతి నుంచే. ఆయన రిపోర్టు తెరిచి ఇడ్లీలో ఫాస్ఫరస్ ఎంతని అడిగారు. ఇంకో ముక్క పెట్టమన్నాను.